పాల సేకరణ – మేనేజరు దృష్టి

ధాన్యమైనను, పాలైనను రైతు తన సరకు నమ్ముకొనుచోట రెండు చూపులు కలిసికొనుచుండును. తక్కెడ ముల్లుపై రైతు చూపు; లెక్కల పుస్తకముపై మేనేజరు చూపు. రైతు చూపు మనకు తెలిసినదే. మేనేజరు చూపును గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందుము.

వర్తక కంపెనీ నడపు అధికారికి సేకరణ యనగా ఖర్చు. ఎంత తక్కువకు కొన్న నంత లాభము. సహకార సంఘములో నట్లు కాదు. ఇచ్చట పాలు పోయువాడే యజమాని. యజమానికి తక్కువ యిచ్చి లాభము చూపుట, మన కుడిజేబులోని రూపాయిని ఎడమజేబులో వేసి ఆదాయమనుకొనుట వంటిది.

ఈ భేదమును గ్రహించిన మేనేజరు ఏమి చేయగలడో గుజరాతులోని ఖేడా జిల్లా చాటి చూపినది. అచ్చటి పాల ఉత్పత్తిదారుల సహకార యూనియను 1946 డిసెంబరు 14వ తేదీన రిజిస్టరైనది. త్రిభువన్‌దాస్ పటేలుగారు దానికి అధ్యక్షులు. 1949లో ఆనందుకు వచ్చిన వర్ఘీస్ కురియన్‌గారు పిమ్మట దానికి మేనేజరైరి. తాము రైతుల ఉద్యోగిమని వారు జీవితాంతము చెప్పుకొనుచుండిరి.

చలికాలమున గేదెలు హెచ్చుగా పాలిచ్చును. ఆ మిగులు పాలను బొంబాయి పట్టణము కొనజాలకపోయెను. ఖర్చును మాత్రమే చూచు అధికారి యైనచో “ఈ పూట పాలు వలదు” అని రైతును త్రిప్పి పంపియుండును. ఆ యూనియనువా రట్లు చేయలేదు. గేదెపాలు పొడి చేయుటకు పనికిరావని విదేశ నిపుణులు చెప్పుచుండగా, దలాయాగారను ఇంజనీరు దానిని సాధించి చూపెను. 1955 అక్టోబరు 31వ తేదీన నెహ్రూగారు ఆ కర్మాగారమును ప్రారంభించిరి. రైతు పాలు వెనుకకు పోరాదను పట్టుదలయే యంత్రమును రప్పించినది గాని, యంత్రముపై మోజు కాదు.

ఇక పరీక్ష మాట. పూర్వము గాజుగొట్టములో 10 మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, చక్రములో త్రిప్పి, వెన్నశాతము చూచెడివారు. నేడు విద్యుత్ యంత్రము కొలది సేపటిలోనే అంకె చూపుచున్నది. తూకము, ధర, రసీదు వెంటనే వచ్చుచున్నవి. దూరముననున్న పెద్ద అధికారికి ప్రతి గ్రామపు లెక్కయు ఆనాడే అందుచున్నది. ఈ సౌకర్యమును చూచి వారు సంతసించుట సహజమే. కాని అంకె త్వరగా వచ్చినంత మాత్రమున సరియైన అంకె కానేరదు.

ఒక లెక్క వేసి చూతము. ఒక సభ్యుడు రోజునకు 10 కిలోల పాలు పోయుననుకొందము. అసలు వెన్న 6.5 శాతము, సరిచేయని యంత్రము 6.2 చూపినది. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున రోజునకు 24 రూపాయలు, నెలకు 720 రూపాయలు నష్టము. ఇందులో ఎవరి దొంగతనమును ఉండనక్కరలేదు. అశ్రద్ధ యొక్కటే చాలును. రైతు మాత్రము దానిని దొంగతనమనియే తలచును. మరునాడు పాలు దళారి బిందెలోనికి పోవును.

కావున మేనేజర్లకు మా విన్నపము: యంత్రమును కొన్న దినముననే గాక, దానిని సరిచూచు దినములను గూడ నిర్ణయింపుడు. అప్పుడప్పుడు ఒకే పాలను పాత పద్ధతిని, క్రొత్త పద్ధతిని సభ్యుల యెదుటనే పరీక్షింపుడు. సభ్యులకు మా విన్నపము: రసీదు తీసికొనక ఇల్లు చేరకుడు, తూకపు ముల్లో అంకెయో సున్నవద్ద నున్నదో లేదో చూడుడు, అనుమానము కలిగినచో గట్టుమీద గొణుగుకొనక సర్వసభ్య సమావేశములో అడుగుడు.

అడుగు సభ్యుడు సంఘమునకు శత్రువు కాడు. అడిగిన దానికి యంత్రము ముందు నిలిచి బదులు చెప్పగల మేనేజరే సంఘమునకు నిజమైన ఆస్తి.