భూమిమీద దాగుడుమూతలు

ఇసుకను బారుగా పోసి, అందులో చిన్న పుల్లను దాచి, అది ఎచ్చట నున్నదో చేతులతో మూసి చూపుమని అడుగు ఆట తెలుగు పల్లెలలోని పిల్లలు చాలకాలముగా ఎఱిగినదే. చేతుల క్రింద పుల్ల ఉన్నచో గెలుపు, లేనిచో ఓటమి. ఆ పుల్లకు వెల లేదు. ఆట ముగిసిన పిమ్మట దానిని ఇంటికి కొనిపోవువారును లేరు. అయినను దాగినదానిని కనిపెట్టుటలోని సంతోషము అంతయింత గాదు. ఇట్టి ఆటనే నేడు అనేక దేశములలో పిన్నలును పెద్దలును భూమండలమంతటిని ఇసుకకుప్పగా చేసికొని ఆడుచున్నారు. దానికి జియోకాషింగ్ అని పేరు. జియో యనగా భూమి. కాష్ అనగా దాచి ఉంచిన సరకు. పూర్వము అడవులలో వేటకై తిరుగువారు తిరుగు ప్రయాణమున అక్కఱకు వచ్చునని దాచుకొను ఆహారాదులను కాష్ అను ఫ్రెంచి మాటతో పిలిచెడివారు.

ఈ ఆట తీరు తేలికగా తెలియునదే. ఒకరు చిన్న డబ్బాలో ఒక పుస్తకమును, కొన్ని చిల్లర వస్తువులను పెట్టి, వాన నీరు చొరకుండ మూత బిగించి, పదిమంది తిరుగు చోట మఱుగుగా ఉంచుదురు. పిదప ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశములను అందఱకును ప్రకటింతురు. ఆ అంకెలను పట్టుకొని ఇతరులు బయలుదేరి డబ్బాను వెదకుదురు. దొరికినచో పుస్తకములో తమ పేరును, తేదీని వ్రాసి, డబ్బాను మరల ఉన్నచోటనే ఉంచి వచ్చెదరు. ఏదైన వస్తువును తీసికొన్నచో, అంతకు తక్కువ కాని మరియొక వస్తువును అందులో పెట్టవలెను.

అంకెలు చిరునామా ఎట్లగునో పర్చూరును బట్టి గ్రహింపవచ్చును. మిరప, ప్రత్తి పండు నల్లరేగడి మైదానములోని ఈ ఊరు 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడగా అందులో చేరినది. ఆ జిల్లాకు పిమ్మట ప్రకాశం జిల్లా యని పేరు పెట్టిరి. 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు పర్చూరు దానిలోనికి వచ్చినది. ఇన్నిమార్లు జిల్లా మారినను ఊరు మాత్రము అడుగైనను కదలలేదు. అది నాడును నేడును ఇంచుమించు 15 డిగ్రీల 58 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 80 డిగ్రీల 16 నిమిషముల తూర్పు రేఖాంశమున ఉన్నది. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలో అరువదవ వంతైన నిమిషము సుమారు 1,850 మీటర్లు. నిమిషమును వేయి భాగములు చేసినచో ఒక్కొక్క భాగము రెండు మీటర్లకు లోపే యగును. కావున అంకెలను పెంచిన కొలది ఊరికే కాదు, ఊరి చెఱువుగట్టుమీది ఒక్కొక్క వేపచెట్టునకును వేఱువేఱు చిరునామా ఏర్పడును.

ఈ అంకెలను తెలిసికొనుటకు పూర్వము నక్షత్రములను, సూర్యుని చూచి గణితము చేయవలసి వచ్చెడిది. ఇప్పుడు ఆ పనిని కృత్రిమ ఉపగ్రహములు చేయుచున్నవి. అమెరికా దేశపు జి.పి.యస్. ఏర్పాటులో కనీసము 24 ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టుచుండును. ఒక్కొక్కటి తానున్న చోటును, తన గడియారములోని కాలమును రేడియో తరంగముల ద్వారా ఎడతెగక తెలుపుచుండును. ఆ తరంగములు సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగమున వచ్చును. చేతిలోని యంత్రము తరంగము బయలుదేరిన కాలమును, అందిన కాలమును పోల్చి ఉపగ్రహము ఎంత దూరమున ఉన్నదో లెక్కించును. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో తానున్న స్థానము తేలును. గడియారము సెకండులో పదిలక్షలవ వంతు తప్పినను లెక్కలో 300 మీటర్ల తేడా వచ్చును. అందువలననే ఉపగ్రహములలో అత్యంత సూక్ష్మముగా కాలమును చూపు పరమాణు గడియారములను అమర్చిరి. భారతదేశమును ఇట్టి ఏర్పాటునే స్వయముగా చేసికొన్నది. నావిక్ అను ఈ వరుసలోని మొదటి ఉపగ్రహమును 2013 జూలై 1వ తేదీన ఆంధ్రదేశమునందలి శ్రీహరికోట నుండియే ప్రయోగించిరి.

జి.పి.యస్. మొదట సైన్యము కొరకు పుట్టినది. 1983 సెప్టెంబరులో దక్షిణ కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ దేశపు గగనమున ప్రవేశింపగా దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. ఇట్టి ఘోరము మరల జరుగకుండుటకై ఈ దిక్సూచిని సర్వజనులకు ఉచితముగా ఇత్తుమని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించెను. అయినను సామాన్యులకు అందు సంకేతములో బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలిపెడివారు. దానివలన యంత్రము చూపు స్థానమునకును అసలు స్థానమునకును 100 మీటర్ల వఱకు భేదము ఉండెడిది. 2000 మే నెల మొదటి దినములలో ఆ తప్పును కలుపుట మానివేసిరి. ఒక్క రాత్రిలో కోట్ల రూపాయలు విలువగల సూక్ష్మత సామాన్యుని చేతికి వచ్చినట్లయినది.

ఆ మార్పునకు మరునాడే, అనగా 2000 మే 3వ తేదీన, డేవ్ ఉల్మర్ అను కంప్యూటరు ఇంజనీరు ఆరిగన్ రాష్ట్రములోని బీవర్‌క్రీక్ చెంత అడవిలో ఒక నల్లని బక్కెట్టును సగము నేలలో పాతిపెట్టెను. అందులో పుస్తకములు, వీడియోటేపులు, ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా మొదలగునవి ఉంచి, ఆ చోటి అంకెలను ప్రకటించెను. మూడు దినములలోపుననే ఇద్దఱు దానిని కనుగొనిరి. మొదట కనుగొన్న మైక్ టీగ్ ఇతరులు దాచిన వాని పట్టికను వ్రాయసాగెను. ఆ నెలాఖరున మాట్ స్టమ్ అనునతడు ఈ ఆటకు జియోకాషింగ్ అను పేరు సూచించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు నాటికి లోకములో ఇట్టివి 75 మాత్రమే తెలిసియుండెను. నేడు అవి 30 లక్షలకు మించినవి. అంటార్కిటికాతో సహా అన్ని ఖండములలోను ఉన్నవి. 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందును ఒకటి ఉంచబడినది.

అయితే ఉపగ్రహములు లేని దినములలో ఇట్టి ఆట లేకపోలేదు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అను బయలునేలలో 1854లో జేమ్స్ పెరట్ అను దారి చూపువాడు దూరముననున్న ఒక చిత్తడి చోట సీసాను ఉంచెను. అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరు గల చీటిని అందులో వేసి వెళ్ళెడివారు. కాలక్రమమున సీసాలు పెట్టెలయ్యెను. పెట్టెలు పెక్కయ్యెను. ఆ వేడుక నేటికిని అచ్చట సాగుచున్నది. యంత్రము మారినను మనుష్యుని కుతూహలము మారలేదు.

యంత్రము చేతనుండగా వెదకుటలో కష్టమేమని కొందఱకు తోచవచ్చును. యంత్రము మనుష్యుని కొన్ని మీటర్ల దగ్గఱకు మాత్రమే చేర్చును. దట్టమైన చెట్ల క్రింద, ఎత్తయిన గోడల ప్రక్కన అది మఱింత తడబడును. అక్కడినుండి కన్నులకును బుద్ధికిని పని. చెట్టుతొఱ్ఱయందో, రాళ్ళసందునందో, వంతెన ప్రక్కనో డబ్బా ఉండవచ్చును. కొన్ని వ్రేలి గోరంత చిన్నవి. కొన్నిటికి ముందుగా చిక్కుప్రశ్నలు విప్పినగాని అంకెలు దొరకవు. అందుచేత ప్రతి దానికిని వెదకుటలోని కష్టమును, దారిలోని కష్టమును తెలుపుచు 1 మొదలు 5 వఱకు గుర్తులు వేయుదురు. ఒకచోటనే గుంపుగా దాచకుండ, రెండింటి నడుమ 161 మీటర్లైన దూరము ఉండవలెనను నియమము కలదు. క్రొత్తగా దాచిన ప్రతిదానిని జీతము లేక పనిచేయు పరిశీలకులు చూచి, నియమములకు ఒప్పినదైననే పట్టికలో చేర్తురు.

ఈ ఆటగాండ్రు అప్పుడప్పుడు ఒకచోట కలసికొందురు. ఒకరినొకరు ఎఱుగనివారు, డబ్బాలోని పుస్తకములో వ్రాతను మాత్రమే చూచినవారు, అచ్చట ముఖాముఖి పలుకరించుకొందురు. కొన్నిమార్లు అందఱును సంచులు పట్టుకొని ఉద్యానములలో, ఏటిగట్లపై పడియున్న చెత్తను ఏరివేయుదురు. వెదకుటకు వెళ్ళినవాడు చెత్తతో తిరిగిరావలెనని వారి మాట. అంకెలు చెక్కిన బిళ్ళలను కొన్ని డబ్బాలలో వేయుదురు. దొరికినవాడు దానిని మరియొక డబ్బాకు చేర్చును. ఈ విధముగా ఒక బిళ్ళ చేతులు మారి సముద్రములు దాటిపోవుటయు కలదు.

ఇంతటి ఆట నిలిచియున్నది ఒక్క నమ్మకముమీద. డబ్బాకు తాళము లేదు, కావలివాడు లేడు. దొరికినవాడు దానిని పాఱవేసినను, ఎత్తుకొనిపోయినను పట్టుకొనువారు లేరు. తనకు ముందు వచ్చినవాడు ఉన్నచోటనే ఉంచిపోయెను గనుక తనకు దొరికినది. తన తరువాత వచ్చువానికై తానును ఉంచిపోవలెను. ఈ ఎఱుక లేనివాడు ఒక్కడు చాలు, పదిమంది సంతోషము పాడగును.

దాగినదానిని వెదకుటయనగానే మన దేశమున గుప్తనిధులు గుర్తుకు వచ్చుట సహజము. నిధి దొరకునను ఆశతో పాడుబడిన గుళ్ళను, పాతదిబ్బలను త్రవ్వి చెఱచినవారు పెక్కురు. నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. పర్చూరునకు తూర్పుగా ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే అను పురాతత్త్వజ్ఞుడు బౌద్ధస్తూపమును పరిశోధించి, ధాతువులను భద్రపఱచిన రాతి భరిణెలను వెలికి తీసెను. వానిపై చెక్కిన బ్రాహ్మీ అక్షరముల వలననే భట్టిప్రోలు పేరు చరిత్రలో నిలిచినది. త్రవ్వి దోచుకొనువాని చేతిలో ఆ అక్షరములు రాతిముక్కలుగానే పోయియుండెడివి. త్రవ్వకుండుట, చెఱపకుండుట, ఉన్నదానిని ఉన్నట్లు విడుచుట జియోకాషింగులో మొదటి నియమములు. మొదటి బక్కెట్టును సగము పాతిపెట్టిరి గాని, నేడు భూమి గలవారి అనుమతి లేక నేలను త్రవ్వి దాచరాదు.

పర్చూరు వంటి చోట ఈ ఆటను ఆడదలచువారు నేలను, పైరును ఎఱిగి యుండవలెను. నల్లరేగడి ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలో పడిన చిన్న డబ్బా మరల కంటబడదు. వానకాలమున అదే నేల కాలికి అంటుకొని అడుగు సాగనీయదు. అక్షాంశ రేఖాంశములు చేనిగట్లను ఎఱుగవు. యంత్రము తిన్నగా పొమ్మని చూపినంత మాత్రమున మిరపతోటలో నుండి నడచిపోరాదు. అది ఒకరి సంవత్సరపు కష్టము. గట్టు వెంబడి చుట్టి పోవలెను. ఇతరుల భూమిలో దాచుటకు వారి అనుమతి కావలెను. దేవాలయముల చెంత, రైలుదారుల చెంత, కార్యాలయముల చెంత డబ్బాలు ఉంచరాదు. అవి ఏమో అని జనులు బెదరుదురు. డబ్బాపై అది ఆటవస్తువని తెలుగులో స్పష్టముగా వ్రాసియుంచుట మంచిది. పిల్లలు పెద్దల తోడు లేక వెదకబోరాదు.

డబ్బాయే లేక ఆడదగిన ఆటయు ఒకటి కలదు. భూగోళముపై పూర్ణాంకములైన అక్షాంశ రేఖాంశములు ఖండించుకొను బిందువులకు వెళ్ళి, అచ్చటి దృశ్యమును ఛాయాచిత్రములలో భద్రపఱచు ఉద్యమమును 1996లో అలెక్స్ జారెట్ అను అమెరికా దేశస్థుడు ప్రారంభించెను. 16 డిగ్రీల అక్షాంశమును 80 డిగ్రీల రేఖాంశమును ఖండించుకొను బిందువు పర్చూరునకు పడమటగా, మార్టూరునకు ఆవల, ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అచ్చట నిధి లేదు, గుర్తు లేదు. పటములో మాత్రమే చూచిన రెండు గీతలు మన పొలముల నడుమ కలియుచున్నవని తెలిసినప్పుడు భూగోళశాస్త్రము పుస్తకము విడిచి నేలపైకి దిగివచ్చును.

తమ పాఠశాల యొక్క అంకెలేవో, తమ ఊరి బావి యొక్క అంకెలేవో విద్యార్థులు కనుగొని వ్రాసికొన్నచో ఆట ఆరంభమైనట్లే. ఈ ఆటలో గెలిచినవాని చేతికి వచ్చునది ఏమియు లేదు. వాడు ఒక క్రొత్తచోటును చూచును, అచ్చట తన పేరు వ్రాయును, వెనుక వచ్చువానికై మూతను గట్టిగా బిగించి తిరిగివచ్చును.