జంపఖానా అని వెతికేవాళ్లు

వరంగల్ కొత్తవాడ సందుల్లోకి అడుగుపెడితే మనిషి కంటే ముందు మగ్గం చప్పుడు పలకరిస్తుంది. పడుగులోకి పేక దూరుతుంది, దెబ్బ పడుతుంది, పోగు బిగుస్తుంది. చూస్తుండగానే ఒక చార పూర్తయి పక్కన ఇంకో రంగు మొదలవుతుంది. అక్కడ నేసే నూలు తివాచీని ఇళ్లల్లో జంపఖానా అంటాం. షత్రంజీ అనేవాళ్లూ ఉన్నారు. 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపులో మాత్రం దాని పేరు వరంగల్ దర్రీ. ఒక్క వస్తువుకు మూడు పేర్లుండటం అమ్మకానికి ఎంత పెద్ద సంగతో ఇంటర్నెట్ బేరాలు మొదలయ్యాకే తెలిసొస్తోంది.

ఇప్పుడు మగ్గం ఇళ్లల్లో పిల్లలు ఫోను పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. చూస్తే నాకు సంతోషం. అయితే "ఆన్‌లైన్‌లో పెట్టేశాం" అన్న మాట దగ్గరే ఒక పొరపాటు జరుగుతోంది. ఆన్‌లైన్ అంటే ఒకే బజారు అనుకుంటున్నాం. అక్కడ రెండు వేర్వేరు యంత్రాలు పనిచేస్తున్నాయి. ఒకదానికి పెట్టిన మేత రెండోదానికి పట్టదు.

మొదటిది గూగుల్ లాంటి సెర్చ్ ఇంజన్. మనం అడిగాక అది లోకమంతా తిరగడం మొదలుపెట్టదు, ముందే తిరిగి పెట్టుకుంటుంది. దాని ప్రోగ్రాములు లింకు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతూ, ఏ మాట ఏ పేజీల్లో ఉందో పుస్తకం చివరి అకారాది సూచికలా రాసుకుంటాయి. మనం అడగ్గానే ఆ సూచిక తెరిచి, ఏ పేజీని ముందు చూపాలో లెక్క కడుతుంది.

ఆ లెక్కలో మాటల బరువు ఒకటి. తక్కువ పత్రాల్లో కనిపించే మాటకు ఎక్కువ బరువివ్వాలని 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు చూపించారు. 'మంచి', 'నాణ్యమైన' అన్నవి లెక్కలేనన్ని పేజీల్లో ఉంటాయి, జంపఖానా కొన్నింటిలోనే ఉంటుంది. వెతికేవాణ్ని మన గుమ్మం దాకా నడిపించేది ఆ అరుదైన మాటే. ఇంకొకటి పరపతి. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వివరించిన పేజ్‌రాంక్ పద్ధతిలో, పేరున్న పేజీలు మన పేజీకి లింకు ఇస్తే మన విలువ పెరుగుతుంది. ఊళ్లో పెద్దమనుషులు నలుగురు "ఫలానా ఇంట్లో అడుగు" అన్నట్టే. ఇవాళ్టి లెక్కలో ఇంకా ఎన్నో అంశాలు చేరాయి. అడిగినవాడికి పనికొచ్చేలా, యంత్రం చదవగలిగేలా పేజీని దిద్దుకునే పనికే ఎస్‌ఈఓ అని పేరు.

తెలుగులో ఈ పని మరీ చిక్కు. దర్రీ, దర్రీలు, దర్రీలకు, దర్రీల్లో: ఒక్క మాటే విభక్తి తగిలినప్పుడల్లా కొత్త రూపం కడుతుంది. ఊరి పేరు చూస్తే వరంగల్, వరంగల్లు, ఓరుగల్లు. చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు కొడతారు. ఇవన్నీ ఒకటేనని యంత్రం నేర్చుకుంటోంది. కానీ నేర్చుకోవడానికి ఇంగ్లీషులో దొరికినంత పాఠం దానికి తెలుగులో దొరకదు. పైగా మనవాళ్లు ధర, కొలత, రంగు అన్నీ ఫొటో మీదే అచ్చేసి వదిలేస్తారు. బొమ్మలో ఇరుక్కున్న అక్షరం కంటే పేజీ మీద టైపు చేసిన అక్షరమే సెర్చ్ ఇంజన్‌కు నమ్మకంగా అందుతుంది.

రెండో యంత్రం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కనిపించే ఫీడ్. ఇక్కడ ఎవరూ జంపఖానా కావాలని రారు. అన్నం తిని నడుం వాల్చి, వేలితో తెర జరుపుతుంటారు. తోవన పోయేవాడి చెవిన పడే దండోరా లాంటిది ఇది. ఎవరికి ఏది చూపాలో యంత్రమే అంచనా వేస్తుంది. 2010లో ఫేస్‌బుక్ తన ఎడ్జ్‌రాంక్ పద్ధతి గురించి చెప్పినప్పుడు మూడు సంగతులు బయటపెట్టింది: చూసేవాడికీ పెట్టినవాడికీ ఉన్న చనువు, లైకు కామెంటుల్లాంటి స్పందనల బరువు, కాలం గడిచేకొద్దీ వచ్చే తరుగు. తర్వాత ఆ లెక్క చాలా పెరిగింది, తరుగు మాత్రం పోలేదు. మగ్గం వీడియో ఈ వారం ఊరంతా తిరగొచ్చు, వచ్చే నెలకు దాని జాడ ఉండదు. దానికొచ్చిన లైకులను సెర్చ్ లెక్కలో నేరుగా కలపబోమని గూగుల్ ఎప్పటినుంచో చెబుతోంది.

మరి దండోరా వద్దా? కావాలి. వరంగల్ చపాటా మిర్చినే చూడండి. టమాటాలా గుండ్రంగా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం చిక్కటి ఎరుపు. 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి కాయ ఒకటుందనే తెలియనివాడు దాని పేరు పెట్టి ఎలా వెతుకుతాడు? ఎర్రటి కుప్ప వీడియోలో కనబడితేనే ఆగుతాడు. ఆగినవాడు మర్నాడు గూగుల్‌లో "పచ్చడికి కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే మిర్చి" అని కొట్టొచ్చు. అమ్మేవాళ్ల పేజీలో ఆ మాటలు లేకపోతే వీడియో పుట్టించిన ఆశ ఇంకొకరి కొట్టుకు పోతుంది. యూట్యూబ్ మాత్రం రెండు తోవలూ కలిసే చౌరస్తా. అక్కడ వెతికేవాళ్లూ ఉంటారు, ఊరికే చూసేవాళ్లూ ఉంటారు.

కొత్తవాడలో ఎవరైనా ముందు ఏది చెయ్యాలని అడిగితే వెబ్ పేజీయే అంటాను. రోజూ వీడియో పెట్టే తీరిక మగ్గం మీద కూర్చున్న మనిషికి ఉండదు. పేజీని ఒకసారి కుదురుగా రాసుకుంటే, ఏడాది తర్వాత అమెరికాలో ఎవరో అమ్మమ్మ ఇంటి జంపఖానా గుర్తొచ్చి వెతికినప్పుడు కూడా అది జవాబు చెబుతుంది. పొడవు, వెడల్పు, నూలు రకం, రంగు నిలుస్తుందా, ఇంట్లో ఉతకొచ్చా, వేరే ఊళ్లకు పంపుతారా అన్నవన్నీ మామూలు మాటల్లో ఉండాలి. అన్నిటికంటే పైన ఈ ముక్క రాసి ఉండాలి: "మేం వరంగల్ దర్రీలు నేస్తాం. జంపఖానా అన్నా, షత్రంజీ అన్నా ఇవే."