చమురు బావికి ఒరలు

ఇసుకనేలలో నుయ్యి త్రవ్వునపుడు గోడలు కూలకుండ ఒరలు దింపుట మన పల్లెటూళ్ళలో అందరు ఎరిగినదే. చమురు బావికిని ఇట్టి ఒర అవసరము. అది ఉక్కు గొట్టము. దానిని కేసింగు అందురు. మనము తొడుగు గొట్టము అనవచ్చును. నూతి ఒర కొద్ది మీటర్ల లోతున మట్టిని ఆపిన చాలును. తొడుగు గొట్టమో, కిలోమీటర్ల లోతున నీటి ఒత్తిడిని, వాయువు ఒత్తిడిని, తన బరువును తానే ఓర్చుకొనవలెను. దిగవేసిన పిమ్మట సిమెంటుతో బిగింపబడు ఆ గొట్టమును పైకి తీసి బాగుచేయుట సాధారణముగ వీలుపడదు. కావున లెక్క ముందే సరిగా ఉండవలెను.

ఈ ఉపాయము పాతదే. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, టైటస్‌విల్ వద్ద ఎడ్విన్ డ్రేక్ బావి త్రవ్వించుచుండగా నీరు ఊరి గోడలు కూలసాగెను. ఆయన ఇనుప గొట్టమును 32 అడుగుల లోతున బండ తగులువరకు దిగగొట్టించి, దాని లోపలినుండి త్రవ్వకము సాగించెను. 69½ అడుగులవద్ద చమురు కనబడెను. నేటి బావిలో ఒక గొట్టము కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన అనేక గొట్టములు ఉండును. లోతు పెరిగినకొలది వ్యాసము తగ్గును. గొట్టమునకు, బావి గోడకు నడుమ సిమెంటు నింపుదురు.

తొడుగు గొట్టముపై పడు భారములు ముఖ్యముగ మూడు: లాగుడు, లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి. ఒక ఉదాహరణము తీసికొందము. బావి లోతు 3,000 మీటర్లు. గొట్టము బయటి వ్యాసము 244.5 మిల్లీమీటర్లు, గోడ మందము 12 మిల్లీమీటర్లు, మీటరు బరువు 70 కిలోగ్రాములు. ఆ ఉక్కు శాశ్వతముగ సాగిపోవుటకు ఆరంభించు ప్రతిబలము చదరపు సెంటీమీటరుకు సుమారు 5,620 కిలోగ్రాములు. ఇకపై ఒత్తిడులన్నియు చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాములలోనే చెప్పుదును. 10 మీటర్ల నీటి స్తంభము 1 కిలోగ్రాము ఒత్తిడి నిచ్చునని గుర్తుంచుకొనవలెను.

మొదటిది లాగుడు. గొట్టమంతయు పైనుండి వ్రేలాడును గనుక పైకొననే లాగుడు అత్యధికము. 3,000 మీటర్ల బరువు 210 టన్నులు. అయితే బావిలో 1.2 సాంద్రతగల బురద నిండియుండును. ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము ఉక్కు బరువు అందు సుమారు 178 టన్నులకు తగ్గును. ఈ గొట్టము దాదాపు 490 టన్నులవరకు ఓర్చును. మరలతో అతుకు చోట బలము ఇంతకన్న తక్కువైనను, ఇక్కడ భయము లేదు.

రెండవది లోపలి ఒత్తిడి. అడుగున 330 ఒత్తిడిగల వాయువు లోనికి చొచ్చి, బావినంతను నింపినదనుకొందము. వాయువు తేలిక, దాని స్తంభపు బరువు కొంచెమే. కావున బావి మూతివద్దను సుమారు 270 ఒత్తిడి ఉండును. అచ్చట బయటినుండి ఎదురొత్తు ద్రవము లేదు. అందుచే పగిలిపోవు ప్రమాదము పైకొనయందే హెచ్చు. గొట్టపు మందమును రెట్టించి, ఉక్కు ప్రతిబలముచే గుణించి, వ్యాసముచే భాగింపగా 551 వచ్చును. మందములో 12½ శాతము లోపమునకు అవకాశమిచ్చి తగ్గింపగా 482 మిగులును. ఇదియు చాలును.

మూడవది బయటి ఒత్తిడి. ఒక డబ్బాలో కొంచెము నీరు మరిగించి, పొయ్యినుండి దించి, మూత గట్టిగ బిగించి, పైన చన్నీరు పోసినచో అది నలిగిపోవుటను తరగతిలో చూపవచ్చును. లోపలి ఒత్తిడి తగ్గగా గాలియే దానిని నలిపివేసినది. బావిలోను అంతే. క్రింది బండ పగుళ్ళలోనికి బురద జారిపోయి గొట్టము ఖాళీ యైనచో, 3,000 మీటర్లవద్ద బయటి బురద 360 ఒత్తిడితో నొక్కును. మన గొట్టము ఓర్చునది 334 మాత్రమే! పైన నిశ్చింతగ నిలిచిన గొట్టమే అడుగున నలిగిపోవును.

అడుగున 13.8 మిల్లీమీటర్ల మందముగల గొట్టము వాడినచో 465 వరకు ఓర్చును. అయితే అంతయు దానినే వాడుట ఉక్కును వృథా చేయుట. 2,400 మీటర్లవరకు పలుచనిది, ఆ క్రింద మందమైనది అమర్చిన చాలును. ఇక్కడ ఒక మెలకువ గలదు: నిలువుగ లాగబడుచున్న గొట్టమునకు నలుగుడును ఓర్చు శక్తి కొంత తగ్గును. 2,400 మీటర్లవద్ద క్రింది గొట్టము బరువు వ్రేలాడుటచే 334 సుమారు 320 అగును. అచ్చటి బయటి ఒత్తిడి 288. ఈ రెండింటి నిష్పత్తి 1.1. దీనినే భద్రతా గుణకము అందురు.

ఈ లెక్కలు కాగితముపై ఆటలు కావు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడివద్ద ఒక బావినుండి వాయువు అదుపుతప్పి వెలువడి మంటలు చెలరేగెను. అవి రెండు నెలలకు పైగా మండెను. చుట్టుప్రక్కల గ్రామములవారు ఇండ్లు విడువవలసివచ్చెను. ఇట్టి ప్రమాదములకు కారణములు పలువిధములు. కాని వాయువు పొంగినపుడు బావి మూతివద్ద కవాటము మూయవలెనన్నచో, ఆ క్షణమున ఒత్తిడియంతయు తొడుగు గొట్టముపై పడును. గొట్టము నిలువనిచో కవాటము మూసియు ప్రయోజనము లేదు. వాయువు ప్రక్కనుండి దారి చేసికొనును.

ఆర్కిమిడీస్ సూత్రము, ద్రవముల ఒత్తిడి, ప్రతిబలము — ఈ మూడును ఉన్నత పాఠశాల పాఠములే. బురద సాంద్రత 1.2కు బదులు 1.5 అయినచో పలుచని గొట్టమును ఎంత లోతువరకు వాడవచ్చునో విద్యార్థులు లెక్కించి చూడవలెను.