పందెపు గుఱ్ఱముల విశ్రాంతి

పందెపు గుఱ్ఱ మైదాఱేండ్లకే పందెములు మానుట సామాన్యము. దాని యాయువో యిరువదియైదేండ్లు. ఆ తరువాత దానిని పోషించువారెవ్వరు? అమెరికాలో 1986లో కెంటకీ డెర్బీ గెలిచిన ఫెర్డినాండ్ అను గుఱ్ఱము జపానునకు విక్రయింపబడి, 2002లో కబేళాపాలైనట్లు మఱుసటి యేట తెలియవచ్చెను. అంతటి ఖ్యాతిగల దానికే యీ గతి!

అంతకుమున్నే, 1984లో, న్యూయార్కు రాష్ట్రమందలి వాల్‌కిల్ కారాగారమున నొక మంచి యేర్పాటు జరిగెను. పందెములు మానిన గుఱ్ఱముల నచటికి తెచ్చి, ఖైదీలకు వాని పోషణ నేర్పి యప్పగించిరి.

ఇది సులభమైన పని గాదు. విరాటుని కొలువున నకులు డశ్వములను గాచుట రాజపుత్రునకు తక్కువ పని యని చిన్ననాట తలచితిని, ఇపుడట్లు తోచదు. ఈ గుఱ్ఱములు దినములో నధికభాగము సాలలో నొంటిగా నుండి, బలమైన దాణా తిని పెరిగినవి. దాణాను మెల్లమెల్లగా తగ్గించి గడ్డిని హెచ్చింపవలెను. ఒక్కమాఱుగా మార్చినచో కడుపునొప్పి ప్రాణముమీదికి వచ్చును. బిడ్డలకు అన్నము మప్పిన తల్లులకు వేఱుగ జెప్పనేల? కళ్లెము బిగించిన నాగుటకు మాఱుగా, ఆ పట్టు నానుకొని మఱింత పరుగెత్తుట వీనికి అలవాటు. దానిని మాన్పి నెమ్మదిగా నడచుట నేర్పుటకు నెలలు పట్టును. కాళ్లు చెడినవానిపై స్వారి తగదు. అట్టివానికి పచ్చికబయలే యిల్లు. అయినను వానికిని మేత, వైద్యము, గిట్టల సంరక్షణ కడదాక జరుగవలసినదే.