పెట్టె మీద పేరు ఆమెది, వ్యాపారము వేరొకరిది

లిప్‌స్టిక్ అనగానే మన కుటుంబాలలో కొందరు పెద్దలు ముఖము చిట్లించుకుంటారు. వేసుకోవాలా, వద్దా అనే చర్చలోనికి మేము వెళ్లడము లేదు. అందులోని రసాయన శాస్త్రముపై ఏళ్ల తరబడి శ్రమించిన ఒక స్త్రీని పాఠకులకు పరిచయము చేయాలని మా ఆశ.

ఆమె పేరు హేజెల్ బిషప్. బిషప్ అనేది ఇంటిపేరే తప్ప పదవి కాదు. 1906లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో జన్మించారు. డాక్టరు కావాలన్న ఆశతో న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలలో చదివి, 1929లో పట్టభద్రురాలయ్యారు. ఆ యేడే ఆర్థిక మాంద్యము వచ్చిపడింది. వైద్యవిద్య ఆశ అడుగంటింది. 1935 నుండి ఒక చర్మవైద్యుని వద్ద ప్రయోగశాలలో పనిచేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఒక చమురు కంపెనీలో విమాన ఇంధనాలపై పరిశోధించారు.

పగలు ఉద్యోగము, రాత్రి ఇంటి వంటగదిలో ప్రయోగాలు. ఆ రోజుల్లో లిప్‌స్టిక్ కప్పులకు, చేతిరుమాళ్లకు అంటుకునేది. రంగు నిలిచే రకాలేమో పెదవులను ఎండబెట్టేవి. బ్రోమో ఆమ్లపు రంగులు చర్మాన్ని పట్టుకొని ఉంటాయి. గొర్రె ఉన్ని నుండి తీసే లానోలిన్ అనే జిడ్డు పదార్థము పెదవులను మెత్తగా ఉంచుతుంది. ఈ రెంటినీ ఏ పాళ్లలో కలపాలన్నదే చిక్కు. 309 ప్రయోగాలు చేశాక కుదిరింది. 1950లో న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణములో డాలరుకొకటి చొప్పున పెడితే, మొదటి రోజే సరుకంతా అయిపోయింది.

అయితే కంపెనీ వాటాలలో అధికభాగము ప్రకటనలు చూసే రేమండ్ స్పెక్టర్ చేతికి వెళ్లింది. 1951లో ఆమె తన పేరిట నడిచే కంపెనీ నుండే బయటికి రావలసివచ్చింది. కోర్టుకెక్కారు. 1954లో రాజీ కుదిరి, సొమ్ము పుచ్చుకొని మిగిలిన వాటాను వదులుకున్నారు. లిప్‌స్టిక్ మాత్రము ఆ తరువాత కూడా ఆమె పేరుతోనే అమ్ముడుపోయింది!

ఆమె క్రుంగిపోలేదు. తోలు వస్తువులను శుభ్రపరిచే మందు, పుల్లలా గట్టిగా ఉండే సెంటు తయారుచేశారు. తరువాత షేర్ల వ్యాపారములో ప్రవేశించి, సౌందర్య సాధనాల కంపెనీల లెక్కలు విప్పి చెప్పేవారు. 1978లో, 70 దాటిన వయస్సులో, న్యూయార్కులోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అధ్యాపకురాలయ్యారు. 1998లో, 92వ యేట కన్నుమూశారు.

ఆడపిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. సైన్సు నేర్పించండి, దానితోపాటు సంతకము పెట్టేముందు కాగితము చదవడము కూడా నేర్పించండి. హేజెల్ కంపెనీని పోగొట్టుకున్నారు. ఆమె నేర్చిన విద్య మాత్రము చివరి వరకు ఆమెకు అన్నము పెట్టింది.