రోడ్డుకూ, రేసు ట్రాకుకూ ఒకే కారు: సస్పెన్షన్ మార్చే ముందు తెలుసుకోవలసినవి

అత్తిబెలె దాటి హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా చెన్నై వైపు సాగే రహదారి శ్రీపెరుంబుదూరు దాటిన పిమ్మట ఇరుంగాట్టుకోట్టైకి చేరుతుంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి రేసు ట్రాకు అక్కడ ఉన్నది. కృష్ణగిరి వద్ద సేలం దారి పట్టి కోయంబత్తూరు చేరితే, ఫార్ములా మారుతి కార్ల రూపకర్త ఎస్. కరివర్ధన్ పేరిట 2003లో ఏర్పడిన కరి మోటార్ స్పీడ్‌వే కనిపిస్తుంది. రుసుము చెల్లించినవారు తమ సొంత కారును ఇటువంటి ట్రాకులపై వేగంగా నడుపుకొనే దినాలను ‘ట్రాక్ డే’ అంటారు.

హోసూరు కర్మాగారాల్లోనూ, ఎలక్ట్రానిక్ సిటీ కార్యాలయాల్లోనూ పనిచేసే మన సరిహద్దు గ్రామాల యువకులకు ఈ ఆసక్తి కలగడంలో ఆశ్చర్యం లేదు. అయితే వారి వద్ద ఉండేది రేసు కోసమే తయారైన కారు కాదు. పోలో జీటీ, స్విఫ్ట్, ఆక్టేవియా వంటి చురుకైన కారు. ఆదివారం ట్రాకుపై తిరిగిన ఆ కారే సోమవారం ఉద్యోగానికి వెళ్ళాలి, పండుగకు తల్లిదండ్రులను ఎక్కించుకొని ఊరికి రావాలి. కనుక దాని సస్పెన్షన్ మార్చడం కుర్రవాని సరదాతో ముగిసే విషయం కాదు. అది ఇంటిల్లిపాది భద్రతకు సంబంధించిన నిర్ణయం.

స్ప్రింగు పని వేరు, షాక్ అబ్జార్బర్ పని వేరు

కారు బరువును మోసేది స్ప్రింగు. గుంతలో చక్రం పడినప్పుడు స్ప్రింగు నొక్కుకొని ఆ శక్తిని దాచుకుంటుంది, మరుక్షణమే తిరిగి విడుదల చేస్తుంది. షాక్ అబ్జార్బర్ లేకపోతే బండి ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్ లోపల నూనె సన్నని రంధ్రాల గుండా ఒత్తిడితో ప్రవహించి, ఆ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. మొదటిది మోసేది, రెండవది అణచేది. రెండూ జతగా కుదిరితేనే టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది. టైరు నేలను అంటి ఉన్నంతసేపే బ్రేకుకు గానీ, స్టీరింగుకు గానీ విలువ.

ఊరి రోడ్డుపై షాక్ అబ్జార్బర్ పుట్టించే వేడి గాలికి చల్లారిపోతుంది. ట్రాకుపై వరుస మలుపులు, తీవ్రమైన బ్రేకులు ఆగకుండా ఇరవై నిమిషాలు సాగితే నూనె బాగా వేడెక్కి పలుచబడుతుంది, గాలితో కలిసి నురుగెత్తుతుంది. అప్పుడు అణచే శక్తి తగ్గుతుంది. నత్రజని వాయువును అధిక పీడనంతో నింపి, నూనెతో కలవకుండా విడిగా ఉంచే ఒంటిగొట్టం రకాన్ని ట్రాకుకు మేలైనదిగా భావించడానికి కారణం ఇదే. రెండు గొట్టాల సాధారణ రకం చవకైనది, రోడ్డు వాడకానికి చక్కగా సరిపోతుంది.

గట్టిదనానికి ఒక లెక్క

ఉదాహరణకు ఒక చక్రంపై 300 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. చక్రం వద్ద ఒక మిల్లీమీటరు కుంగడానికి 2.5 కిలోలు కావలసిన స్ప్రింగు ఆ బరువుకు 120 మి.మీ. కుంగుతుంది. దానిపై బండి సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. ఇది శరీరానికి హాయిగా ఉండే ఊపు. స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే కుంగుడు 60 మి.మీ.కు తగ్గి, ఊపు సెకనుకు 2 సార్లకు చేరుతుంది. మలుపులో కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది గనుక ట్రాకుపై ఇది లాభమే. కానీ వెనుక సీటులోని పెద్దవారి నడుముకు ప్రతి గుంతా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఎగుడుదిగుడు రోడ్డుపై మరీ గట్టి స్ప్రింగు టైరును నేలపై ఉంచలేక ఎగరవేస్తుంది. నున్నని ట్రాకుపై పట్టు పెంచిన స్ప్రింగే తడిసిన పల్లె రోడ్డుపై పట్టు తగ్గిస్తుంది.

స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే షాక్ అబ్జార్బర్ అణచే శక్తి కూడా సుమారు 1.4 రెట్లు పెరగాలి. పాత షాక్ అబ్జార్బర్లపై కొత్త గట్టి స్ప్రింగులు మాత్రమే బిగించిన కార్లు అతివేగంలో తేలిపోతున్నట్లు అనిపించేది ఈ పొత్తు కుదరకనే.

కారును కిందికి దించితే

కారు ఎత్తు తగ్గితే గరిమనాభి దిగి మలుపుల్లో నిలకడ పెరుగుతుంది. అయితే మన రోడ్ల సంగతి చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఊళ్ళలో ఎవరికి తోచినట్లు వారు వేసుకొన్న హంపులు ఈ కొలతను పాటించవు.

165 మి.మీ. నేల ఎడం ఉన్న కారును 40 మి.మీ. దించితే 125 మి.మీ. మిగులుతుంది. వెనుక ముగ్గురు కూర్చొని, డిక్కీలో రాగుల బస్తా వేసినప్పుడు ఒక్కొక్క వెనుక చక్రంపై అదనంగా 100 కిలోలు పడితే, పాత స్ప్రింగు మరో 40 మి.మీ. కుంగుతుంది. వెనుక భాగాన మిగిలేది 85 మి.మీ. ప్రమాణం ప్రకారం వేసిన హంపే 100 మి.మీ. పొట్టి హంపు ఎదురైతే ఏది నేలకు తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. కనుక రెండు పనులకూ వాడే కారును 15 నుండి 20 మి.మీ.కు మించి దించకపోవడమే వివేకం.

స్ప్రింగు చుట్లను గ్యాస్ కట్టరుతో కోయించి ఎత్తు తగ్గించే అలవాటు కొన్ని గ్యారేజీల్లో ఉన్నది. ఇది ప్రాణాంతకం. వేడికి ఉక్కు పదును పోతుంది. కోసిన కొన గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గాలిలో వేలాడిన క్షణంలో స్ప్రింగు తన స్థానం నుండి తప్పిపోవచ్చును. ఈ పనిని ఎంత చవకగా చేసిపెడతామన్నా ఒప్పుకోరాదు.

మూడు దారులు

మొదటిది, కంపెనీ ఇచ్చిన రకమే కొత్తవి వేయించుకోవడం. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు ఇదే పెద్ద మార్పుగా తోస్తుంది. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు ట్రాకుకు వెళ్ళేవారికి ఇది చాలు.

రెండవది, కొద్దిగా గట్టి స్ప్రింగులు, వాటికి తగిన మేలిరకం షాక్ అబ్జార్బర్లు జతగా కొనడం. జర్మనీకి చెందిన బిల్‌స్టైన్, ఐబాక్, నెదర్లాండ్స్‌కు చెందిన కోనీ, జపానుకు చెందిన కేవైబీ ఈ రంగంలో పేరొందినవి. కుటుంబ వాడకమూ, ట్రాకూ రెండూ ఉన్న కారుకు ఎక్కువ సందర్భాల్లో తగిన దారి ఇదే.

మూడవది కాయిలోవర్. ఎత్తునూ, చాలా రకాల్లో అణచే శక్తినీ మరలతో సరిచేసుకోవచ్చును. ఖర్చు లక్ష రూపాయలు దాటడం సాధారణం. సరిచేయడం తెలిసినవారికే దీని ఫలం దక్కుతుంది. తెలియక తిప్పితే బాగున్న కారు కూడా చెడుతుంది. వానకూ బురదకూ మరలు తుప్పుపట్టి బిగుసుకుపోకుండా శుభ్రం చేస్తూ ఉండాలి. రోడ్డుకు ఒక అమరిక, ట్రాకుకు ఒక అమరిక పుస్తకంలో వ్రాసిపెట్టుకోవాలి.

పనిలో వరుసక్రమం

ముందు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు నూనె బాగుండాలి. ఆ తరువాత అరిగిన బుష్షులు, బాల్ జాయింట్లు, పైమౌంట్లు మార్చాలి. ఇవి వదులుగా ఉంటే ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బరైనా వృథా. షాక్ అబ్జార్బరు ఒంటిపై నూనె తడి, టైరుపై అలలు అలలుగా అరుగుదల కనిపిస్తే మార్పుకు సమయమైనట్లే. ఎప్పుడూ ఒకే ఇరుసుపై రెండింటినీ కలిపి మార్చాలి. రబ్బరు బుష్షుల బోల్టులను కారు తన చక్రాలపై నిలిచిన ఎత్తులోనే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చివరగా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. కారు రూపురేఖలను, ఎత్తును మార్చదలచినవారు ముందుగా ఆర్టీఓ కార్యాలయంలో విచారించుకోవాలి. సాధారణ కారు బీమా పాలసీలు రేసులకూ, వేగ పరీక్షలకూ వర్తించవు. మార్పులను బీమా సంస్థకు తెలియజేయకపోతే రోడ్డుపై జరిగిన ప్రమాదంలో కూడా చిక్కులు రావచ్చును.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు నగర వీధుల్లో ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు కూడా, దారిని కంచెలతో మూసి, అందుకోసమే తయారైన కార్లను నడిపారు. జాతీయ రహదారికి ఆ కంచెలు లేవు. కొత్త సస్పెన్షన్ ఇచ్చే ధైర్యాన్ని ట్రాకు గేటు లోపలే వాడుకోవాలి. కొనే ముందు కొడుకూ, తల్లిదండ్రులూ కలిసి ఒక కాగితంపై మూడు లెక్కలు వేసుకోవడం మంచిది: సంవత్సరంలో ట్రాకుపై ఎన్ని దినాలు, ఊరి రోడ్డుపై ఎన్ని దినాలు, ఆ కారులో నిత్యం ఎక్కేవారెవరు. ఏ దారి తగినదో ఆ లెక్కలే తేలుస్తాయి.