నొప్పి కంటే ముందే వచ్చే భయం



చలికాలం వస్తే మా పిల్లల వార్డులో సికిల్ సెల్ ఉన్న బిడ్డలు ఎక్కువగా చేరుతారు. కొందరు సెలైన్ స్టాండును చూడగానే వణుకుతారు. నొప్పి తగ్గినా అమ్మ కొంగు వదలరు. "వీడికి మొండితనం ఎక్కువైంది సిస్టర్" అని తల్లి అంటుంది. అది మొండితనం కాదు, భయం. దానికీ వైద్యం ఉంది.

ఉట్నూర్ ఏజెన్సీలో గోండు, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ కనిపిస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అప్పుడు చేతులు, కాళ్ళు, నడుము భరించలేనంతగా నొప్పి పెడతాయి. చలి, జ్వరం, అలసట, నీళ్ళు తక్కువ తాగడం నొప్పిని రేపుతాయి. జబ్బు తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తుంది. ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇది ఎవరి పాపమూ కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు.

నొప్పి ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక బిడ్డ దాని కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఆట మానేస్తాడు, రాత్రి నిద్రపోడు, ఆశ్రమ పాఠశాలకు తిరిగి వెళ్ళనంటాడు. భయంతో కండరాలు బిగుసుకొని నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అలాగని నొప్పి ఉత్తిదని అనుకోవద్దు. ముందు నొప్పికి మందు, దానితోపాటే మనసుకు ధైర్యం ఇవ్వాలి.

తల్లిదండ్రులు చేయవలసినవి:

1. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని బెదిరించవద్దు. "నొప్పి ఉండదు" అని అబద్ధమూ చెప్పవద్దు. "చిటికెడుసేపు నొప్పి, నేను పక్కనే ఉంటా" అనండి.

2. సూది వేసేటప్పుడు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోండి. ముక్కుతో గాలి పీల్చి, దీపం ఆర్పినట్టు నోటితో మెల్లగా వదలమనండి. కథ చెప్పండి.

3. "విశ్వాసం తక్కువ గనుక నయం కాలేదు" అని బిడ్డ ముందు ఎవ్వరూ అనకూడదు. ప్రార్థించండి, డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా వంటి మందులూ మానకండి.

4. బడిలో టీచరుకు, వార్డెనుకు జబ్బు సంగతి చెప్పండి. నీళ్ళు, స్వెటరు, విశ్రాంతి అడగండి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, బడి సరిగా లేకపోతే మాకు చెప్పండి. టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, కడుపు ఉబ్బడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వారికి రక్తపరీక్ష చేయాలని నిర్ణయించారు. ఇంట్లో అందరూ చేయించుకోండి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యేసు యాయీరు కుమార్తె దగ్గరకు వెళ్ళినప్పుడు, గోల చేసేవారిని బయటికి పంపి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని లోపలికి వెళ్ళాడు. ఆ చిన్నదాని చెయ్యి పట్టుకొన్నాడు. ఆమె లేచాక తినడానికి పెట్టమన్నాడు. బిడ్డ మంచం దగ్గర మనం చేయవలసిందీ అదే.